పది మీద నాలుగు

జూలై 9

వార్డెన్ గారికి,

వదినగారూ అని మొదలుపెట్టి, కొట్టేసి, మళ్ళీ రాస్తున్నాను. ఇది మీ తమ్ముడి భార్య రాస్తున్న ఉత్తరం కాదు. మీ హాస్టల్లో టైఫాయిడ్‌తో పడిపోయిన పిల్ల తల్లి రాస్తున్నది.

ఆసుపత్రి వరండాలో నేను నోరు తెరవగానే మీరు "ఇప్పుడు కాదు" అని వార్డు తలుపు వేసుకున్నారు. సెలవు అయిపోయి నేను వెనక్కి రావాల్సి వచ్చింది. కాగితం మీద తలుపు వెయ్యలేరు కాబట్టి ఇలా రాస్తున్నాను.

ఆఫీసుకి రాగానే రిజిస్టరు తీయించాను. వానలు మొదలయ్యాక మీ హాస్టలు బావి నీళ్ళు మా పరీక్షశాలకే వచ్చాయి. పరీక్ష చేసింది నేనే. ఒక్క మిల్లీలీటరులో ముప్పై ఆరు వేల సూక్ష్మజీవులున్నాయి. చెంచాడు కూడా కాదు, చెంచాలో అయిదో వంతు. అయిదువందలు దాటితే తాగకూడదని రిపోర్టు వెనకాలే అచ్చువేసి ఉంటుంది. ఆ రిపోర్టు మీకు చేరినట్టు మీ సంతకం ఉంది. అది చేరాక కూడా మీరు పిల్లల చేత ఆ నీళ్ళే తాగించారు. సగం హాస్టలు వాంతులతో మంచాన పడింది. నా పాప ఇంకా లేవలేదు.

ఇన్నాళ్ళూ మీకు నా మీదే కోపం అనుకున్నాను. నా మీద ఉంటే నా మీదే తీర్చుకోవాల్సింది.

మీ హాస్టలు కమిటీకి విడిగా ఉత్తరం రాశాను. మీకు చెప్పకుండా రాశానన్న మాట రాకూడదని చెబుతున్నాను.

పాప తల్లి


జూలై 13

పరీక్షశాల అధికారిణి గారికి,

నీ ఉత్తరం అందింది. వార్డు తలుపు వేసింది నిన్ను చూసి కాదు. నీ కూతురికి, నేను పిచ్చుక అని పిలుచుకునే దానికి, అప్పుడే కునుకు పట్టింది, నీ గొంతు చిన్నది కాదు. అందుకు వేశాను. కన్నతల్లికి ఆ మాత్రం తట్టలేదు.

దానికి నిన్నటి నుంచి జ్వరం కొంచెం దిగింది. మెత్తగా వండింది నాలుగు ముద్దలు తింది. నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నా. ఉత్తరం నిండా నన్ను దులిపేశావు గానీ, పిల్లకి ఎలా ఉందన్న ముక్క ఒక్కటి లేదు.

ఇక ముప్పై ఆరు వేల సంగతి. అది ఎక్కడ ఉందమ్మా? నీ రిపోర్టులో ఉన్నది 3.6 × 104. ఇంటూ గుర్తు చూసి నాకూ వింతగానే అనిపించింది. ఆఫీసు వాళ్ళ తీరే అంత, ఒక అంకె తిన్నగా చెప్పరు అనుకుని పెన్సిలు తీసుకుని గుణించాను. మూడువందల డెబ్భై నాలుగు చిల్లర వచ్చింది. తప్పు గుణించానేమో అని ఇంకోసారి చేశాను. వెనకాల చూస్తే అయిదువందలు దాటకూడదని ఉంది. దాటలేదు. రిపోర్టు వచ్చేదాకా మూసి ఉంచిన బావి మూత తీయించాను. నేను బళ్ళో తెలుగు పాఠం చెప్పుకునే దాన్నే గానీ గుణకారం రానిదాన్ని కాదు.

అయినా నాకు తెలియక అడుగుతా, ఈ నీళ్ళు తాగొచ్చు, తాగకూడదు అన్న ఒక్క ముక్క రాయడానికి మీ చేతులు పడిపోయాయా?

ఇంకోటి. దాన్ని నా హాస్టల్లో పెట్టమని నేను అడగలేదు. నీకు ప్రమోషను వచ్చింది, తమ్ముడు గూడ్సు రైలు గార్డు, ఇంటిపట్టున ఉండడు. పిల్లకి అన్నం పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. అప్పుడు వదిన గుర్తొచ్చింది. పెంచినప్పుడు నోరెత్తని దానివి, జబ్బు చేసేసరికి కమిటీకి రాశావు.

పదహారేళ్ళ పిల్లని ఇంకా పాప అంటావు. అది వింటే సిగ్గుపడుతుంది, నీకు తెలుసా?

దాని మేనత్త


జూలై 18

వదినగారికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు నిజంగానే నూటనాలుగుతో గుణించారా, లేక ఇప్పుడు కల్పించి చెబుతున్నారా?

అది నూటనాలుగు కాదు. పది. దాని భుజం మీద చిన్న అక్షరంతో నాలుగు. 3.6 × 10⁴. అంటే మూడు పాయింట్ ఆరుని పదితో నాలుగుసార్లు గుణించాలి. ముప్పై ఆరు, మూడువందల అరవై, మూడువేల ఆరువందలు, ముప్పై ఆరు వేలు. మీ హాస్టల్లో ఏ పదో తరగతి పిల్లని అడిగినా చెబుతుంది. నా పాపని అడిగినా చెప్పేది. మీరు అడగలేదు. మీకు తెలియనిది ఇంకొకరిని అడగడం మీకు నామోషీ.

ఎందుకలా రాస్తారని అంటారేమో. ఒక సీసాలో పది ఉంటాయి, ఇంకో సీసాలో కోటి ఉంటాయి. సున్నాలు పెట్టుకుంటూ పోతే ఒకటి ఎక్కువో తక్కువో పడి కొంప మునుగుతుంది. పైగా 36,000 అని రాస్తే ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు అర్థం. మేం అలా లెక్కపెట్టలేం. మూడూ, ఆరూ, ఈ రెండు అంకెలకే మేం పూచీ. మిగతాది ఎంత పెద్దదో పైన ఉన్న చిన్న అంకె చెబుతుంది. గొప్పకి రాసేది కాదు, నిజాయితీకి రాసేది.

తాగొచ్చా లేదా అని చెప్పడం మా పని కాదు. అంకె చెప్పడం వరకే మా పని. తీర్పు మీది. అందుకే మిమ్మల్ని వార్డెన్ అన్నారు.

పాపకి ఎలా ఉందో అడగలేదన్నారు. నేను రోజూ వార్డు నర్సుకి ఫోను చేస్తున్నాను. మీ ద్వారా తెలుసుకోవాల్సిన అవసరం లేక అడగలేదు. అది లేచి నడవగానే తీసుకొచ్చేస్తాను.

మీ తమ్ముడి భార్య


జూలై 22

మరదలికి,

ఇందులో నీ రిపోర్టు జిరాక్స్ పెడుతున్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని చూడు. పది భుజం మీద నాలుగు కూర్చుని ఉందేమో వెతుకు. ఒకటి, సున్నా, నాలుగు, ఈ మూడు అంకెలూ బడిలో ప్రార్థనకి నిలబెట్టిన పిల్లల్లా ఒకే వరసలో, ఒకే ఎత్తులో ఉన్నాయి. కింద నీ సంతకం. కల్పించి చెబుతున్నానని రాశావే, ఇప్పుడు చెప్పు. కల్పించింది ఎవరు?

ఇదే కాగితం పట్టుకెళ్ళి పిచ్చుకకి చూపించాను. అప్పుడే లేచి దిండుకి ఆనుకుని కూర్చుంది. చాలాసేపు చూసి, "ఇది నూటనాలుగే అత్తా. నేనైనా అలాగే చదివేదాన్ని" అంది. పదో తరగతి దాటిన నీ పిల్ల మాట అది.

నన్ను ఇంకొకటి తొలుస్తోంది. ముప్పై ఆరు వేలని నువ్వు కళ్ళారా చూశావు. నీ కూతురు తాగే నీళ్ళు. ఒక్క ఫోను కొట్టలేకపోయావా? సీసాల మీద పేర్లుండవని, నెంబర్లే ఉంటాయని తమ్ముడు నిన్ను వెనకేసుకొచ్చాడు. సరే, ఒప్పుకున్నాను. సంతకం పెట్టేటప్పుడు కాగితం మీద మా హాస్టలు పేరు ఉంది కదా. అప్పుడు నీ కళ్ళు ఎక్కడున్నాయి?

ఆ నీళ్ళ సీసా తెచ్చింది తమ్ముడే. ఐసు డబ్బాలో పెట్టుకుని తన గూడ్సు బండిలో తెచ్చి మీ కౌంటరులో ఇచ్చాడు. నీతో చెప్పొద్దని నేనే అన్నాను. నీ దయ మీద పని జరిపించుకోవడం ఇష్టంలేక అన్నాను. దాన్ని కూడా నా తప్పుల్లో రాసుకో, చోటుంటే.

కమిటీ వాళ్ళు నన్ను పనిలోంచి పక్కన పెట్టారు. విచారణ అయ్యేదాకా హాస్టల్లో అడుగు పెట్టకూడదట. ఇన్నేళ్ళు ఉన్న గది ఖాళీ చేసి, ఆసుపత్రి పక్క వీధిలో మేడమీద ఒక గది తీసుకున్నాను. కిటికీ తీస్తే ఇస్త్రీ కొట్టువాడి పొగ. నీ కడుపు చల్లబడిందనుకుంటాను.

వదిన


జూలై 29

వదినగారికి,

జిరాక్స్ చూశాను.

టైపిస్టుని పిలిచి ముందు పెట్టాను. ఆయన నాకంటే ముందు నుంచి ఉన్న మనిషి. "పైన ఉండాల్సిన నాలుగు కిందికి ఎందుకొచ్చింది?" అని అడిగాను.

ఆయన కాగితం వంక చూడనే లేదు. "చిన్న అంకె పైకి కొట్టాలంటే రోలరు అర తిప్పు తిప్పాలి మేడమ్. మన మిషను పాతది. తిప్పితే మళ్ళీ చోటికి రాదు, తర్వాత లైను వంకర పోతుంది. వంకర లైన్లున్నాయని మీరు రెండుసార్లు చింపేశారు. అప్పట్నుంచి తిప్పడం మానేశాను" అన్నాడు.

"చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"మీరు చూసి సంతకం పెడతారు కదా అనుకున్నా" అన్నాడు.

ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని కూర్చున్నాను. ఏడవలేదు. మీకు ఆ తృప్తి వద్దు.

అయితే ఒకటి అడుగుతాను. లోకంలో ఎవరైనా ఒక అంకె చెప్పడానికి మూడు పాయింట్ ఆరు ఇంటూ నూటనాలుగు అంటారా? బజారులో నూలు కొన్నా, బట్ట కొలిచినా అలా విన్నారా? వింతగా అనిపించిందని మీరే రాశారు. వింతగా ఉన్నదాన్ని అడగాలి. మీరు పెన్సిలు తీసి గుణించారు. మన ఇద్దరి మధ్యా మాటలుండి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం. మాటలు మానేసింది నేను కాదు.

కమిటీ నుంచి నాకు పిలుపు వచ్చింది. వస్తున్నాను. విచారణలో నిజం చెబుతాను.

మరదలు


ఆగస్టు 3

మరదలికి,

బెదిరింపు అందింది. నిజం చెబుతావా? ఏ నిజం? నీకు సంబంధించినంత వరకు నిజం అంటే నీకు నచ్చినట్టు ఉన్నదే కదా. వార్డెన్ అడగాల్సింది, అడగలేదు. అదేగా నువ్వు చెప్పబోయేది? ఉత్తరంలో ముందే సాధన చేసి చూపించావు. వంకర లైను పనికిరాదని టైపిస్టుని తిట్టింది నువ్వు, వాడు భయపడి మానేస్తే శిక్ష నాకు. చాలా బాగుంది.

మాటలు మానేసింది ఎవరో కూడా చెప్పుకుందాం. మీ గృహప్రవేశానికి నేను వస్తే, నీ స్నేహితురాళ్ళకి నన్ను "ఈవిడ హాస్టల్లో పనిచేస్తారు" అని పరిచయం చేశావు. వదిన అనలేదు. మొగుడు పోయి, తమ్ముడి పంచన పడకుండా ఒంటిచేత్తో బతికినదాన్ని. హాస్టల్లో పనిచేస్తారట. ఆ మాట ఇన్నేళ్ళయినా గొంతులో ముల్లులా ఉంది.

పిచ్చుకకి అన్నీ చెప్పేశాను. అవును, చెప్పాను. చెప్పకుండా దాచిపెట్టాలా? "మీ అమ్మ వస్తోంది, నా ఉద్యోగం తీయించడానికి" అన్నాను. అది గోడవైపు తిరిగి పడుకుంది. నువ్వు నర్సుకి ఫోను చేసి దాన్ని పిలిపిస్తే, రానని చెప్పమంది. నేను నేర్పలేదు. నేర్పాల్సిన అవసరం నువ్వే లేకుండా చేశావు.

రా. చెప్పు. చెప్పాక ఇంక నాకు ఉత్తరాలు రాయకు.

వదిన


ఆగస్టు 14

వదినగారికి,

రాయవద్దన్నారు. రాస్తున్నాను. నేను వాంగ్మూలం ఇచ్చేటప్పుడు మిమ్మల్ని బయట కూర్చోబెట్టారు కాబట్టి లోపల ఏం జరిగిందో మీకు తెలిసే దారి లేదు. ఇంకొకరి నోట మారిపోయి చేరడం నాకు ఇష్టంలేదు.

కమిటీ అధ్యక్షుడు రిపోర్టు చేతిలోకి తీసుకుని పైకి చదివాడు. "మూడు పాయింట్ ఆరు ఇంటూ నూటనాలుగు." పక్కనున్న డాక్టరు తల ఊపాడు. ఇంకొకాయన కాగితం మూలన గుణించుకుంటున్నాడు. ఎవరికీ అనుమానం రాలేదు. ముగ్గురూ చదువుకున్న వాళ్ళు, ముగ్గురికీ గొడవ ఏమిటో ముందే తెలుసు. నేను అక్కడ నిలబడి విన్నాను. మీ గురించి రాసినవన్నీ గుర్తొచ్చాయి. పదో తరగతి పిల్ల చెబుతుందని రాశాను కదా.

"ఈ అంకె చూసి వార్డెన్ ఏం చేసి ఉండాల్సింది?" అని అధ్యక్షుడు అడిగాడు.

"ఆమె చేసిందే. గుణించి, వెనకాల చూసి, హద్దులో ఉందని నీళ్ళు వాడింది" అన్నాను.

"మరి తప్పు ఎక్కడ?"

"పరీక్ష సరైనదే. కాగితం తప్పు. ఆ కాగితం మీద సంతకం నాది. చదవకుండా పెట్టాను. చదివి ఉంటే హాస్టలు పేరు కనిపించేది, నా కూతురు కనిపించేది."

"మీ సంతకాలన్నీ ఇలాగే పెడతారా?" అన్నాడు డాక్టరు.

"ఆ రోజు కట్ట పెద్దది. రోజూ పెద్దదే" అన్నాను. ఆ జవాబు రాసుకున్నారు.

ఆ వాంగ్మూలం మా పై అధికారికి కూడా వెళ్ళింది. నన్ను సంతకాల నుంచి తప్పించి స్టోర్సుకి మార్చారు. గాజు సీసాలు లెక్కపెట్టే పని. ఈ ఏడాది బయటికి వెళ్ళిన రిపోర్టులన్నీ తిరగేయమంటే, చిన్న అంకె కిందికి దిగినవి ఇంకా దొరికాయి. అందరికీ కొత్తవి పంపుతున్నారు. ఒక పాలకేంద్రం వాళ్ళు నన్ను తిట్టి వెళ్ళారు. పడ్డాను.

ఇదంతా మీ కోసం చెప్పలేదు. మీరు అలా అనుకుంటే పొరపాటు. వేరేలా చెప్పడానికి నోరు రాలేదు, అంతే.

విచారణ అయ్యాక వార్డుకి వెళ్ళాను. పాప నన్ను చూసి దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడి వచ్చేశాను. మీరు దానికి చెప్పినది మీరే వెనక్కి తీసుకోవాలి. ఇది మాత్రం అడుగుతున్నాను.

గృహప్రవేశం నాటి మాట నాకు గుర్తులేదు. అని ఉంటే ఉంటాను.

మరదలు


ఆగస్టు 21

మరదలికి,

నన్ను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. గది కూడా పాతదే ఇచ్చారు. అందుకు నీకు దండం పెట్టాలని ఎదురుచూస్తుంటే చూడు. ఇన్నేళ్ళు నిన్ను తిట్టుకుని బతికాను. తిట్టడానికి నాకున్న ఒకే ఒక్క మంచి కారణం నువ్వు లాగేసుకున్నావు. పైగా ఊరంతా "మీ మరదలు ఎంత నిజాయితీపరురాలండీ" అంటున్నారు. వంటమనిషి కూడా అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

బావి తోడించి, మందు వేయించి, మళ్ళీ పరీక్షకి పంపాను. మీ దగ్గరికి కాదు. ఇంకోచోటికి.

పిచ్చుకకి చెప్పాను. "మీ అమ్మ నా మీద చెప్పలేదే, తన మీదే చెప్పుకుంది. నేను తొందరపడి నీతో అన్నాను" అన్నాను. అది లేచి నా వైపు చూసింది. సంతోషిస్తుంది అనుకున్నా. "అయితే మీరిద్దరూ నన్ను పెట్టుకునే పోట్లాడుకున్నారు కదా అత్తా" అంది. దానికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

తమ్ముడు నీతో ఇంకా చెప్పి ఉండడు. వాడికి నువ్వంటే భయం, నేనన్నా భయం. వాడు వచ్చి దాన్ని డిశ్చార్జి చేయించి తీసుకెళ్ళాడు. నీ దగ్గరికి కాదు, నా దగ్గరికి కాదు. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చిందట. మనిద్దరికీ తెలియకుండా తండ్రీ కూతుళ్ళు ఆసుపత్రి మంచం మీదే దరఖాస్తు నింపారట. అక్కడే ఉంటుంది. రైలెక్కేముందు నాతో అన్నది ఇది: "మీ ఇద్దరికీ నేను కావాలి. నాకు కొంచెం చోటు కావాలి." నేను స్టేషన్లో ఏడ్చాను. నువ్వు ఏడవవు కాబట్టి నీకు చెబుతున్నా.

ఒక షరతు పెట్టింది. విడివిడిగా ఉత్తరాలు రాస్తే విప్పదట. ఇద్దరం రాసి ఒకే కవరులో పంపితేనే చదువుతుందట. అడ్రసు తమ్ముడు నాకే ఇచ్చాడు. నీకు ఇవ్వమన్నాడు. ఇస్తానో లేదో ఇంకా అనుకోలేదు.

వదిన


ఆగస్టు 27

వదినగారికి,

పాలిటెక్నిక్ సంగతి నాకు మీ ఉత్తరంలోనే తెలిసింది. ఆయన ఇంటికి వచ్చాక అడిగితే "చెబుదామనుకున్నా" అన్నారు.

పాప అన్నది నిజమే, దాన్ని పెట్టుకునే పోట్లాడుకున్నాం.

అడ్రసు మీరు ఇవ్వక్కర్లేదు. దానికి రాసిన ఉత్తరం ఇందులో పెట్టాను. మీది దీనికి జతచేసి మీరే పోస్టు చేయండి. చదవకుండా పంపమని అడగడం దండగ. మీరు చదువుతారు. నేనైనా చదువుతాను.

మూడో పేరాలో మీ గురించి ఒక మాట ఉంది. మంచిదే. అబద్ధం కూడా కాదు. ఇష్టంలేకపోయినా కొట్టేయకండి, అది నేను మీకు రాసినది కాదు, దానికి రాసినది.

మరదలు


సెప్టెంబరు 2

మరదలికి,

చదివాను. "మీ అత్త నీళ్ళ మీద శ్రద్ధ పెట్టబట్టే పరీక్షకి పంపింది, ఆ బావిని అనుమానించింది ఆమె ఒక్కతే" అని రాశావు. దాని ముందు నన్ను అలా నిలబెడతావని అనుకోలేదు. నేను నా ఉత్తరంలో నీ గురించి రాసిన పేజీ చింపి, కొత్తది రాసి పెట్టాను.

నీ మాట కొట్టేయలేదు. శ్రద్ధలో ద కింద ధ ఒత్తు రావాలి, నువ్వు ద ఒత్తు ఇచ్చావు. అది మాత్రం దిద్దాను.

కవరు ఉదయం పోస్టులో వేశాను. వచ్చే నెల ఉత్తరం ఇరవయ్యో తారీకు లోపల పంపు. ఆలస్యం చేస్తే నీ ఉత్తరం కోసం ఆగను అనాలని ఉంది. ఆగాలి కదా.

వదిన